నా కిడ్నీ తోడల్లుడు

నా భార్య వాళ్ళ అమ్మానాన్నలకు ఒక్కతే కూతురు. అక్కలు లేరు, చెల్లెళ్ళు లేరు. అయినా రెండు నెలల కిందట మా తోడల్లుడి పెదకర్మ అని రాసి కాలేజీకి సెలవు పెట్టాను. మా డిపార్ట్‌మెంట్ హెడ్ మేడమ్ ఆ కాగితం చదివి, "మీ ఆవిడ ఒక్కర్తే అన్నారు కదండీ, తోడల్లుడెక్కణ్ణించి వచ్చారు?" అని అడిగారు. "ఆపరేషన్ బల్ల మీద నించి వచ్చాడండి" అన్నాను. ఆవిడ సంతకం పెట్టేశారు గానీ, కాగితం తిరిగి ఇచ్చేటప్పుడు నా మొహంలోకి ఇంకోసారి చూశారు.

జరిగింది చెబుతాను. నాకూ అతనికీ కిడ్నీలు మార్చింది ఒకే రోజు, ఒకే మనిషివి. ఎవరో రోడ్డు ప్రమాదంలో బ్రెయిన్ డెడ్ అయితే, వాళ్ళ ఇంట్లోవాళ్ళు పెద్ద మనసు చేసుకుని అవయవాలు ఇచ్చారు. ఒక కిడ్నీ రాజమండ్రిలో ఉన్న నాకు వచ్చింది. రెండోది మండపేటలో ధాన్యం కమీషన్ వ్యాపారం చేసే అతనికి వెళ్ళింది. అంతకు ముందు మేమిద్దరం ఒకరినొకరు చూసి ఎరగం. ఇచ్చినవాళ్ళెవరో మాకు చెప్పలేదు, చెప్పకూడదట. విశాఖపట్నం ఆసుపత్రిలో గాజు గోడలున్న గదుల్లో పక్కపక్కన పడుకోబెట్టారు. నాకు మెలకువ వచ్చి చూసేసరికి అద్దం అవతల ఒక లావుపాటి మనిషి, మూతికి మాస్కుతో, నావైపు చెయ్యి ఊపుతున్నాడు. పెళ్ళిభోజనాల్లో ఎదురు వరసలో కూర్చున్న చుట్టంలా ఉన్నాడు.

నడవనిచ్చిన మొదటి రోజే సెలైన్ స్టాండు దొర్లించుకుంటూ నా గది గుమ్మం దాకా వచ్చాడు.

"ఒక ఇంటి అమ్మాయిల్నే చేసుకున్నామండి మనం. తోడల్లుళ్ళం అయిపోయాం" అన్నాడు.

నాకు నవ్వే ఓపిక లేదు. తల ఊపాను.

"నాది ఎడమదంటండి, డాక్టరుగారిని అడిగాను. ఎడమదంటే పెద్దమ్మాయి. మీకు చిన్నమ్మాయి. కాబట్టి మీరు నాకు తమ్ముడుగారవుతారు."

వయసులో నేను అతని కన్నా నాలుగేళ్ళు పెద్ద. ఎడమది పెద్దమ్మాయని ఏ వైద్యశాస్త్రంలోనూ లేదు. ఆ మాట అందామని నోరు తెరిచేలోపు అతను నర్సుకి మా ఇద్దరి చుట్టరికం వివరిస్తున్నాడు. ఆ అమ్మాయి నవ్వింది. సాయంత్రానికల్లా వార్డంతా నన్ను చిన్నల్లుడుగారు అనడం మొదలుపెట్టింది.

తోడల్లుళ్ళ సంగతి మన వైపు వాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. అత్తగారు గారె ముందు ఎవరి విస్తట్లో వేసింది, మామగారు ఎవరిని స్టేషను దాకా దింపాడు, ఎవరి పంచె అంచు వెడల్పు అని జన్మంతా కనిపెట్టుకుని ఉండే చుట్టరికం అది. మా చుట్టరికాన్ని కలిపిందీ అతనే, దాని సరదా అనుభవించిందీ అతనే. అందులో ఉండే కుళ్ళు మాత్రం మొత్తం నా వాటాకి వచ్చింది.

డిశ్చార్జి అయ్యాక చెకప్పులు రాజమండ్రిలో. నెలకోసారి మంగళవారం. క్రియాటినిన్ అని ఒక రక్తపరీక్ష ఉంటుంది. అది ఎంత తక్కువుంటే కిడ్నీ అంత బాగున్నట్టు. ల్యాబు కిటికీ దగ్గర రిపోర్టు చేతికి ఇవ్వగానే నేను పక్కకి వెళ్ళి, గోడ వైపు తిరిగి చదువుకునేవాణ్ణి. అతను తనది చదవకుండా మడత పెట్టి జేబులో పెట్టుకుని నా దగ్గరికి వచ్చేవాడు.

"మీదెంతండి?"

మిల్లు దగ్గర ధాన్యంలో తేమ ఎంతుందని అడిగినట్టే అడిగేవాడు. రోజంతా వడ్లగింజ కొరికి, అది విరిగిన చప్పుడుని బట్టి ధర చెప్పే మనిషి కదా, ఏ సంఖ్య విన్నా ఒక క్షణం దవడ కదిలించి అప్పుడు మాట్లాడేవాడు. నేను ఒకటీ పాయింట్ నాలుగు అని చెప్పేవాణ్ణి. "పర్లేదండి, చిన్నమ్మాయి బుద్ధిమంతురాలు" అని భుజం తట్టి, అప్పుడు తన కాగితం తీసేవాడు. ఒకటీ పాయింట్ ఒకటి. ఎప్పుడు చూసినా ఒకటీ పాయింట్ ఒకటి. నాది పర్లేదు అన్న ప్రతిసారీ నాకు ఒళ్ళు మండేది. డాక్టరుగారిని ఒకసారి అడిగాను, ఒకే మనిషి కిడ్నీలు కదా, ఈ తేడా ఏమిటని. అతనిదే ముందు పెట్టారని, నాది కాస్త ఎక్కువసేపు ఐసులో ఉండిపోయిందని, అది కూడా ఒక కారణం కావచ్చునని చెప్పారు. ఇంటికి వచ్చి అన్నం తినలేదు. అక్కడ కూడా ముందు వడ్డన అతనికేనన్నమాట.

పోనీ అతను జాగ్రత్తగా తింటాడా అంటే అదీ లేదు. నేను ఉప్పు కొలిచి తినేవాణ్ణి. మా ఆవిడ కూర ముక్కలు ఉడికించి, ఆ నీళ్ళు పారబోసి, మళ్ళీ వండేది. పచ్చడి జాడీ అలమరలో నా చెయ్యి అందని అరలోకి వెళ్ళిపోయింది. అతను ఎండాకాలం చెకప్పుకి వచ్చేటప్పుడు సంచిలో రసాల మామిడిపళ్ళు తెచ్చి ల్యాబు వాళ్ళకి పంచి, చివరిది తనే పీల్చుకు తినేవాడు, మోచేతి దాకా రసం కారుతుండగా.

"అదేంటండీ, పొటాషియం పెరుగుతుంది కదా" అన్నాను ఒకసారి. నా గొంతులో దిగులు కన్నా ఆశే ఎక్కువ ఉంది.

"కొత్తకోడలు వచ్చినప్పుడు మనింట్లో ఏం వండితే అదే పెట్టాలండి తమ్ముడుగారూ. వేరే పొయ్యి పెట్టి వండితే మనింటి పిల్ల ఎప్పుడవుతుంది?" అన్నాడు.

ఎంత అడ్డగోలు మాట. అయినా అక్కడ బెంచీ మీదున్న రోగులంతా, నిజమే కదా అన్నట్టు తలలూపారు.

మందుల దగ్గర మాత్రం అతన్ని ఏమీ అనడానికి లేదు. ఫోనులో అలారం మోగగానే బేరం మధ్యలో ఉన్నా, ఎదురుగా ఎంతటి మిల్లు యజమాని ఉన్నా, "ఒక్క నిమిషమండి, అమ్మాయికి వేళయింది" అని లేచి మాత్రలు వేసుకునేవాడు. ఆటో గతుకుల్లో పడేటప్పుడు కుడి పొత్తికడుపు మీద, కొత్త కిడ్నీ పెట్టిన చోట, అరచెయ్యి ఆనించి పట్టుకునేవాడు. కూర్చునేటప్పుడు ముందు అక్కడ తట్టి, తర్వాత కూర్చునేవాడు. మందుల విషయంలోనైనా అతను అశ్రద్ధగా ఉండి ఉంటే నాకు ఎంత మనశ్శాంతిగా ఉండేదో.

ఆపరేషనైన ఏడాదికి సరిగ్గా అదే రోజు పొద్దున్నే భార్యతో సహా మా ఇంటికి దిగాడు. పళ్ళెంలో పంచెల చాపు, చీర, జాకెట్టు గుడ్డ, అరటిపళ్ళు, తమలపాకులు.

"మామగారు లేరు. ఆయన తరఫున పెద్దల్లుడు బట్టలు పెట్టాలి కదండి. ఆయ్, కూర్చోండి ఇద్దరూ" అన్నాడు.

ఇచ్చినవాళ్ళు మగో ఆడో కూడా మాకు తెలియదు. అతను మాత్రం మామగారు అని ఖాయం చేసేశాడు. మా ఆవిడ కళ్ళు తుడుచుకుంటూ పీటలు వేసింది. అతని భార్య మాకు బొట్టు పెట్టి, "ఏం అనుకోకండి మరిదిగారూ, ఈయన వరసలన్నీ ఇలాగే ఉంటాయి" అంది. వాళ్ళు వెళ్ళాక మా ఆవిడ, "ఎంత మంచి ఆలోచనండీ, మనకి తట్టనే లేదు" అంది. ఆ పంచెల చాపు నేను చాలాకాలం మడత విప్పలేదు. ప్రతి ఏడూ అదే రోజు వచ్చేవాడు. ఒక ఏడు ముందే నేను వెళ్ళి పెడదామా అనిపించింది. కానీ చిన్నల్లుడు పెద్దల్లుడికి పెట్టే ఆనవాయితీ ఎక్కడా లేదు. ఆ దారి కూడా అతను మొదటి రోజే మూసేశాడు.

నేను మెడికల్ కాలేజీలో స్టాటిస్టిక్స్ చెబుతాను. కిడ్నీ మార్పిడి చేయించుకున్నవాళ్ళు ఆ తర్వాత ఎన్నాళ్ళు బతుకుతున్నారన్నది నా పరిశోధన. నాకు ఈ జబ్బు రాక ముందు వేరే విషయం మీద పనిచేసేవాణ్ణి, వచ్చాక ఇంక వేరే విషయం మీద మనసు నిలవలేదు. ఒక్కొక్క రోగి ఇంటికీ వెళ్ళి ఉన్నారా పోయారా అని అడగడం అయ్యే పని కాదు. అందుకని ప్రభుత్వ ఆరోగ్య బీమా రికార్డులు అనుమతి తీసుకుని తెచ్చుకున్నాను. పేర్లు ఉండవు, కార్డు నంబరుకి బదులు ఇంకో నంబరు, వయసు, ఊరు, ఆసుపత్రి, ఆపరేషన్ తేదీ, ఆ తర్వాత బీమా మీద ఏ మందులు ఎప్పుడు తీసుకున్నదీ ఉంటాయి. మార్చిన కిడ్నీని ఒంట్లో నిలబెట్టేవి ఆ మందులే. అవి మానేసి బతకడం కుదరదు. అందుకని ఒక నియమం పెట్టుకున్నాను. మందులు తీసుకుంటున్నంత కాలం మనిషి ఉన్నట్టు. ఆరునెలల పాటు మందుల ఊసు, డయాలసిస్ ఊసు, ఆసుపత్రి ఊసు ఏదీ లేకపోతే పోయినట్టు.

ఇలా లెక్క వేస్తే ఒక గీత వస్తుంది. పైన మొదలై, ఒక్కొక్క మనిషి పోయినప్పుడల్లా ఒక మెట్టు దిగుతూ, గోదావరి రేవు మెట్ల లాగా కుడివైపుకి జారుతుంది. మొదటి గీత వచ్చినప్పుడు ఒక విడ్డూరం కనిపించింది. జంగారెడ్డిగూడెం వైపు మెట్టప్రాంతం వాళ్ళ గీత నెమ్మదిగా దిగుతోంది. మండపేట, తణుకు, మా కాలవల కింద ఊళ్ళ గీత గబగబా దిగిపోతోంది. కాస్త కలిగిన ఊళ్ళ వాళ్ళే ఎక్కువ పోతున్నారు. నాకు కారణం వెంటనే తట్టింది. తిండి. ఆవకాయలు, ఊరగాయలు, మామిడిపళ్ళు, ఎవరి మాటా వినని నాలుకలు. ఆ పేరా రాస్తుంటే చెయ్యి ఆగలేదు. ఎవరిని కళ్ళ ముందు పెట్టుకుని రాస్తున్నానో నాకు తెలుసు.

అప్పటికి అతన్ని చూసి ఏడాది దాటింది. చెకప్పులు మూడునెలలకోసారికి మారాయి, వాళ్ళబ్బాయి అతన్ని కాకినాడలో డాక్టరు దగ్గరికి తీసుకెళ్తున్నాడని విన్నాను. బట్టలు పెట్టే రోజు కూడా ఆ ఏడు రాలేదు. నేనూ ఫోను చేయలేదు. ఇప్పుడు ఆ రికార్డుల్లో మా ఆపరేషన్ తేదీ వెతికితే, ఆ రోజు ఆ ఆసుపత్రిలో రెండే వరసలు దొరికాయి. ఒకటి నేను. నా వరసలో మందులు నెల నెలా నడుస్తున్నాయి. రెండోది పోయిన శ్రావణంలో ఆగిపోయింది. ఆ తర్వాత అంతా ఖాళీ.

నాకు మొదట వచ్చింది దుఃఖం కాదు. కుర్చీలో వెనక్కి వాలి, చిన్నమ్మాయి గెలిచింది అనుకున్నాను. కంప్యూటరు కట్టేసి ఇంటికి నడిచి వచ్చేదాకా ఆ సంతోషం ఉంది. ఇంట్లో చెబితే మా ఆవిడ చేతిలో గిన్నె కింద పెట్టేసింది.

"అయ్యో, ఆవిడ ఎలా ఉందో. ఫోన్ చేశారా?"

"లెక్క ప్రకారం ఆరునెలల పైన..."

"లెక్క సంగతి తర్వాతండీ. ముందు ఫోన్ చెయ్యండి."

చేశాను. రెండో రింగుకి అతనే ఎత్తాడు. వెనకాల మిల్లు చప్పుడు.

"తమ్ముడుగారూ, నూరేళ్ళండి మీకు. నిన్ననే అనుకున్నాం" అన్నాడు.

"ఒంట్లో ఎలా ఉంది?" అన్నాను చివరికి.

"బ్రహ్మాండంగా ఉందండి. ఏం?"

"మందులు ఏమైనా మానేశారా?"

"మానేస్తే ఇంకేమైనా ఉందా అండి. ఎవరన్నారు అలాగని?"

అబద్ధం ఆడే తెలివి ఆ సమయానికి లేకపోయింది. "మా లెక్కలో మీరు పోయారండి" అన్నాను.

గట్టిగా నవ్వాడు. పొత్తికడుపు పట్టుకుని నవ్వుతున్నాడని ఇక్కణ్ణించే తెలుస్తోంది. "ఏమేవ్, నేను పోయానంట. తమ్ముడుగారు నాకే ఫోన్ చేసి చెప్తున్నారు" అని భార్యని కేకేశాడు. ఆదివారం భోజనానికి రమ్మన్నాడు. పోయినవాడు పిలిస్తే కాదనకూడదట.

వెళ్ళాను. సంగతి ఆ భోజనాల దగ్గర తేలింది. వాళ్ళబ్బాయి కారు కొన్నాడు. ఇంట్లో కారుంటే బీమా కార్డు పోతుందేమోనని, కారు రాకముందే తల్లిదండ్రుల పేర్లు అబ్బాయి కార్డులోంచి తీయించి, వాళ్ళిద్దరికీ వేరే కార్డు పుట్టించారు. కార్డు కొత్తది, నంబరు కొత్తది. పాత నంబరు మీద మందులు ఆగిపోయాయి. కొత్త నంబరు మీద ఆపరేషన్ చేసిన దాఖలా లేని మనిషెవరో మందులు తీసుకుంటున్నాడు.

"మా వీధంతా ఇంతేనండి" అన్నాడు అతను, గోంగూర కలుపుతూ. "అబ్బాయి కారు కొంటున్నాడంటే ముందు అమ్మానాన్నల్ని విడగొడతారు. పొయ్యి ఒకటే, కార్డులు రెండు."

నా చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. ఇళ్ళల్లో కార్లు వస్తున్న ఊళ్ళలోనే నా లెక్కలో మనుషులు పోతున్నారు. ఎవరూ పోలేదు, వంటింట్లోనే ఉన్నారు. మెట్ట ఊళ్ళలో కార్డులు విడిపోవడం తక్కువ కాబట్టి వాళ్ళు బతికిపోతున్నారు. నేను దానికి ఆవకాయ మీద ఒక పేరా రాశాను.

"ఈ ఏడు బట్టలు పెట్టడానికి రాలేదేంటని కోపం వచ్చిందేమో మరిదిగారికి. మా అత్తగారు పోయారండి, ఏటి సూతకం" అంది అతని భార్య, వడ్డిస్తూ. ఆవిడ పోయిన సంగతి నాకు తెలియదు. నేను కనుక్కోలేదు.

తిరిగి వచ్చి పేరా కొట్టేశాను. ఒక ఇంట్లో కార్డు ఆగిన నెలలోనే అదే ఊళ్ళో, అదే వయసుతో, అవే మందులతో కొత్త కార్డు మొదలైతే ఇద్దరూ ఒకరే కావచ్చునని కొత్త నియమం రాసి, అన్నీ మళ్ళీ కలిపాను. నెలలు పట్టింది. మన ఊళ్ళ గీత మెట్లు పూడి పైకి లేచింది. ఆ పని నేనే చేశాను, ఎవరి సాయం లేకుండా. ఆ ఏడు మా కాలేజీలో డాక్టర్లకీ రోగులకీ కలిపి సభ పెట్టి నన్ను మాట్లాడమన్నారు. అరగంట మాట్లాడాను. వెనక వరసల్లో ఫోన్లు చూసుకుంటున్నారు. తర్వాత రోగుల తరఫున ఒకరు మాట్లాడాలంటే అతను లేచాడు.

"నేను పోయిన సంగతి నాకు ఫోన్లో తెలిసిందండి" అని మొదలుపెట్టాడు.

అంతే, హాలు హాలంతా కుదురుగా కూర్చుంది. కారు, రెండు కార్డులు, మిల్లు చప్పుడులో నా ఫోను, అన్నీ చెప్పాడు. నన్ను పొగిడాడు కూడా, మా తమ్ముడుగారు నన్ను చంపి మళ్ళీ బతికించారని. చప్పట్లు ఆగలేదు. సభ అయ్యాక పెద్ద పెద్ద డాక్టర్లు వరస కట్టి అతనితో సెల్ఫీలు దిగారు. ఓ పక్కన నా లాప్‌టాప్ ఛార్జరు చుట్టి పెట్టుకుంటూ నేను నిలబడ్డాను. నా పరిశోధనకి కూడా అతనే పెద్దల్లుడయ్యాడు.

తర్వాత చెకప్పులకి మళ్ళీ రాజమండ్రికే రావడం మొదలుపెట్టాడు. తమ్ముడుగారిని కనిపెట్టుకుని ఉండకపోతే మళ్ళీ చంపేస్తారని అందరికీ చెప్పేవాడు. పోయిన ఏడాది నా రిపోర్టు మారింది. ఒకటీ పాయింట్ ఏడు వచ్చింది. తర్వాత రెండు దాటింది. డాక్టరుగారు బయాప్సీ చేద్దాం, చిన్న ముక్క తీసి చూస్తే కారణం తెలుస్తుంది, తొందరగా తెలిస్తే మందు మార్చి ఆపొచ్చు అన్నారు. సరే అన్నాను. బయటికి వస్తే బెంచీ మీద అతను, జేబులో కాగితం మడత పెట్టుకుని, "మీదెంతండి?" అన్నాడు.

"ఒకటీ పాయింట్ నాలుగు" అన్నాను.

దవడ కదిలించాడు. ఈసారి పర్లేదండి అనలేదు. భుజం తట్టి తన కాగితం తీశాడు.

ఆ తర్వాత నేను నా చెకప్పు మంగళవారం నించి శుక్రవారానికి మార్పించుకున్నాను. బయాప్సీ అంటే ఆసుపత్రిలో చేరాలి, చేరితే అతనికి తెలుస్తుంది, తెలిస్తే పళ్ళు పట్టుకుని వస్తాడు, వచ్చి పర్లేదండి అంటాడు. అది నేను పడలేను. ఫోను చేసినప్పుడల్లా ఒకటీ పాయింట్ నాలుగే చెప్పాను. మా ఆవిడకి కూడా అదే చెప్పాను, ఎందుకంటే ఆవిడా అతని భార్యా ఫోనులో మాట్లాడుకుంటారు. పళ్ళూ పచ్చళ్ళూ తిన్నవాడి ముందు, ఉప్పు కొలుచుకుని తిన్నవాణ్ణి ఓడిపోయి కనిపించడం కన్నా డయాలసిస్ నయం అనిపించేది. కాళ్ళు కాస్త ఉబ్బుతున్నా చెప్పులు వదులు చేసుకుని కాలేజీకి వెళ్ళేవాణ్ణి.

అతను పోయిన సంగతి మూడో రోజుకి వాళ్ళబ్బాయి ఫోను చేస్తే తెలిసింది. మిల్లు కాటా దగ్గర నిలబడి బేరం చేస్తూ చేస్తూ కూలిపోయాడట. గుండె. ఆసుపత్రికి తీసుకెళ్ళారు, ఆ సాయంత్రమే పోయాడు. ఫోను పెట్టేశాను. ఏడ్చాను. ఏడుస్తూనే, కిడ్నీ ఎలా ఉందో అబ్బాయిని అడగలేదే అని కూడా అనుకున్నాను. ఆ ఆలోచన వచ్చినందుకు ఇప్పుడు సిగ్గుపడి లాభం లేదు.

పెదకర్మ నాడు మా ఆవిడతో మండపేట వెళ్ళాను. పందిట్లో భోజనాలు జరుగుతున్నాయి. చుట్టాలెవరో నన్ను చూపించి, ఈయనే తోడల్లుడుగారు అని చెప్పుకున్నారు. నన్ను లోపలి గదిలోకి తీసుకెళ్ళారు. ఆవిడ చాప మీద గోడకి ఆనుకుని కూర్చుని ఉంది.

"రండి మరిదిగారూ, కూర్చోండి" అంది.

కూర్చున్నాను. ఆవిడే మాట్లాడింది.

"ఆసుపత్రిలో అన్ని పరీక్షలూ చేశారండి. డాక్టరుగారు కాగితం చూసి, కిడ్నీ నిక్షేపంలా ఉందమ్మా అన్నారు. ఒకటీ పాయింట్ ఒకటే. నిక్షేపంలా ఉంటే మరి మనిషెందుకు పోతున్నాడండీ అని అడిగాను."

ఒకటీ పాయింట్ ఒకటి. ఆ గదిలో, ఆవిడ ఎదురుగా, ఆ సంఖ్య నన్ను మళ్ళీ గుచ్చింది. చచ్చిపోయేటప్పుడు కూడా.

"ఈసారి మీ లెక్కలో రాసేసుకోండి మరిదిగారూ, నిజంగానే పోయారు" అంది. తర్వాత, "ఏమని రాస్తారు?" అని అడిగింది.

"రెండు లెక్కలుంటాయి వదినగారూ. మనిషి ఎన్నాళ్ళున్నాడని ఒకటి. అందులో పోయినట్టే. కిడ్నీ ఎన్నాళ్ళు పనిచేసిందని రెండోది. అందులో పాడైనట్టు రాయం. చివరి రోజు దాకా బాగానే ఉంది, తర్వాత సంగతి మనకి తెలియదు అని గీత మీద చిన్న గుర్తు పెడతాం. మెట్టు దిగదు."

"అయితే ఆ పిల్ల మా ఇంట్లో మాట పడలేదన్నమాట."

"పడలేదండి."

ఆవిడ చీర చెంగు మొహానికి అద్దుకుని, "మీ ఇంట్లో పిల్ల ఎలా ఉంది?" అంది.

ఒకటీ పాయింట్ నాలుగు అన్న మాట నాలుక చివర తయారుగా ఉంది. ఎందుకో రాలేదు.

"బాగా లేదండి. ఏడాదిగా పెరుగుతోంది. బయాప్సీ చేయించుకోమన్నారు. నేను వెళ్ళలేదు."

"ఎందుకని?"

గుమ్మం దగ్గర మా ఆవిడ వచ్చి నిలబడి ఉంది. అయినా చెప్పేశాను. "ఆయనకి తెలుస్తుందని."

ఆవిడకి కోపం రాలేదు. ఆశ్చర్యం కూడా పడలేదు. చాలాసేపు నా కాళ్ళ వైపు, ఉబ్బిన పాదాల వైపు చూసింది.

"ఇంక ఆయనకి తెలీదు కదండి. వెళ్ళండి" అంది.

సోమవారం వెళ్ళి చేరాను. డాక్టరుగారు తిట్టవలసినవన్నీ తిట్టారు. బయాప్సీ చేసి మందు మార్చారు. ఆలస్యమైంది గానీ చేయి దాటలేదని, కొన్నాళ్ళు నిలబెట్టొచ్చని అన్నారు. పక్క మంచం ఖాళీగా ఉంది. మా ఆవిడ మూడు రోజులు నాతో మాట్లాడకుండానే అన్నం పెట్టింది, నాలుగో రోజు నించి మాట్లాడింది.

పోయిన వారం బీమా రికార్డుల కొత్త భాగం వచ్చింది. ఈసారి అతని వరస నేనే వెతికి, ఆగిన తేదీ దగ్గర గుర్తు పెట్టాను. కిడ్నీ గీత మీద అది ఎక్కడ పడిందో చూశాను. నేను ఇంకెంత కాలం నిలబడితే ఆ గుర్తుని దాటతానో చూద్దామని లెక్క మొదలుపెట్టి, మధ్యలో ఆపేశాను. ఇద్దరి గీతలూ ఒకే రోజు మొదలయ్యాయి. అతని గీత ఆగిన మర్నాడే నేను అతన్ని దాటేశాను. ఇన్నేళ్ళు ఎదురుచూసిన రోజు కదా అని, కబురింకా అందని ఆ రోజు ఏం చేశానో గుర్తు చేసుకున్నాను. కాలేజీలో రెండు క్లాసులు చెప్పాను. సాయంత్రం వస్తూ పెరుగు తెచ్చాను. అతను ఫోను చేస్తే చెప్పడానికి, ఒకటీ పాయింట్ నాలుగు అని మనసులో ఒకసారి అనుకున్నాను కూడా.